రెండేళ్ళకోసారి సింథటిక్ ఆయిల్: మిగిలేది నెలకి 18 రూపాయలు

ప్రశ్న: మాది గుంటూరు. 2019 మోడల్ పెట్రోల్ కారు, టర్బో కాదు, ఇప్పటికి 34,000 తిరిగింది. ఏడాదికి 6,000 కి.మీ. మించదు, పిల్లల స్కూలు, మార్కెట్టు, నెలకోసారి తెనాలిలో అత్తగారిల్లు, అంతే. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 ఆయిల్, 10,000 కి.మీ. లేదా ఏడాది అని ఉంది. ఈసారి సర్వీస్‌కి వెళ్తే ఫుల్ సింథటిక్ వేయించుకోమని, దాంతోపాటు ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ కోటింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నీ కలిపి 7,800 అవుతుందన్నారు, సింథటిక్ 47 శాతం బెటర్ అని కూడా అన్నారు. ఎస్టిమేట్ పంపుతున్నాను. స్టార్టింగ్ ట్రబుల్ గానీ మైలేజీ తగ్గడం గానీ లేదు, టైర్లు ఇంకా 2019వే. మామూలు ఆయిల్ అయితే 2,000 లో అయిపోతుంది. హైదరాబాద్‌లో క్యాబ్ నడిపే మా బావమరిదేమో సింథటిక్ వేస్తే రెండేళ్ళు మార్చక్కర్లేదు, ఇంజిన్ కూడా అరగదు అంటున్నాడు. అలా మిగిలిన డబ్బు సిప్‌లో పెట్టుకోవచ్చా?

నమస్తే అండి. సిప్ దాకా వెళ్ళే ముందు అసలు ఎంత మిగులుతుందో చూద్దాం, ఎందుకంటే మీరు పంపిన ఎస్టిమేట్ చూడగానే నేను చేసిన మొదటి పని అదే. మీ కారుకి మూడున్నర లీటర్లు పడుతుంది, మామూలు ఆయిల్ లీటర్ 400 చొప్పున 1,400, ఫిల్టర్ 200, లేబర్ 400, మొత్తం 2,000. సింథటిక్ లీటర్ 850 చొప్పున 2,975, ఫిల్టరూ లేబరూ అవే, మొత్తం 3,575. మీ బావమరిది గారు చెప్పినట్టు రెండేళ్ళకోసారే మార్చారనుకోండి, రెండేళ్ళలో మామూలు ఆయిల్‌కి 4,000 అయ్యే చోట మీకు 3,575 అవుతుంది. మిగిలేది 425 రూపాయలు. నెలకి లెక్కేస్తే 18 రూపాయలు కూడా లేదండి, గుంటూరులో ఒక ప్లేటు మిర్చి బజ్జీ కూడా రాదు. ఈ పద్దెనిమిది రూపాయల కోసం ఇంజిన్‌ని పణంగా పెడుతున్నాం అన్నమాట.

పణం అని ఎందుకంటున్నానంటే, ఇంజిన్ ఆయిల్ పాడవడం రెండు రకాలు. ఒకటి నూనె తనంతట తాను వేడికి పాడవడం. గారెలు వేసిన మూకుడులో నూనెని మళ్ళీ మళ్ళీ కాచితే చిక్కబడి నల్లబడి వాసనొస్తుంది కదా, అలాగే. ఈ విషయంలో సింథటిక్ నిజంగానే మొనగాడు, వేడికి తొందరగా చిక్కబడదు, ఆవిరై తక్కువ పోతుంది, లోపల గార తక్కువ కడుతుంది, ఇందులో నాకే అనుమానం లేదు. రెండోది బయట నుంచి వచ్చి చేరే చెత్త. కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్క నుంచి కొంచెం కొంచెం కిందకి దిగుతుంది, కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి దిగుతుంది, యాసిడ్లు, మసి, దుమ్ము. మూకుడులో పిండి, నీళ్ళు పడ్డాక అది గానుగ నూనె అయితే ఏంటి ప్యాకెట్ నూనె అయితే ఏంటి. ఆ యాసిడ్లని చంపడానికి ఆయిల్లో కొన్ని మందులు కలిపి ఇస్తారు, ఖరీదైన ఆయిల్లో కాస్త ఎక్కువ ఉండొచ్చు గానీ అవీ వాడే కొద్దీ అయిపోయేవే.

మీ విషయంలో ఈ రెండోదే ఎక్కువ. స్కూలు ఎంత దూరం ఉంటుంది, మూడు కిలోమీటర్లా? కారు స్టార్ట్ చేసి, పిల్లల్ని దింపి, ఇంటికొచ్చి ఆపేసే లోపల ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చిందంటే నీళ్ళు వేడెక్కాయని అంతే, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది. వేడెక్కకపోతే లోపలికి దిగిన పెట్రోలు, తేమ ఆవిరవ్వకుండా అక్కడే ఉండిపోతాయి. అందుకే మాన్యువల్‌లో "10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని రాస్తారు, 6,000 తిరిగేవాళ్ళకి ఆ ఏడాదే ముందొస్తుంది, మీరు ఏ ఆయిల్ పోసినా. నెలకోసారి తెనాలి వెళ్తున్నారు చూశారా, అది అత్తగారికి ఎంత మంచిదో మీ ఇంజిన్‌కి కూడా అంత మంచిది, పాతిక కిలోమీటర్లు ఆగకుండా నడిస్తే ఆ తేమ చాలావరకు పోతుంది.

ఇక అరుగుదల. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బేరింగుల్లో ఇనుముకీ ఇనుముకీ మధ్య ఒక సన్నటి ఆయిల్ పొర ఉంటుంది, ఆ పొర నిలబడినంతసేపు అక్కడ ఇనుము ఇనుముకి తగలదు, అది మామూలు ఆయిల్ పొరైనా సింథటిక్ పొరైనా. ఇబ్బంది ఎక్కడంటే రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు, ఆయిల్ అంతా కిందకి ఛాంబర్‌లోకి దిగిపోయి ఉంటుంది, మళ్ళీ పైదాకా ఎక్కే ఆ కొద్ది సెకన్లు. చలిదేశాల్లో ఆయిల్ చిక్కబడి పైకి ఎక్కడం ఆలస్యం అవుతుంది కాబట్టి సింథటిక్ అక్కడ ప్రాణం కాపాడుతుంది. 5డబ్ల్యూ-30 అనే గ్రేడులో డబ్ల్యూ అంటేనే వింటర్, దాని ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది, వెనక అంకె వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. షికాగోలో మైనస్ 20లో కారు తీసే మీ వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇంకో మాట లేకుండా సింథటికే పోయించుకోమంటాను. గుంటూరులో సంక్రాంతి పొద్దున కూడా పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు ఉంటుంది, ఆ చలికి 5డబ్ల్యూ ఆయిల్ ఏదైనా హాయిగా పారుతుంది. అన్నట్టు 5డబ్ల్యూ అని దొరికే మామూలు ఆయిల్ కూడా పూర్వపు మినరల్ ఆయిల్ కాదండి, చాలా వాటిలో బేస్ ఆయిల్, అంటే మందులు కలపకముందు ఉండే అసలు నూనె, మంచిదే ఉంటుంది. ఆ మాటకొస్తే ఫుల్ సింథటిక్ అని అమ్మేవాటిలో చాలా భాగం కూడా క్రూడ్ నుంచే బాగా శుద్ధి చేసి తీసినవి, దీని మీదే అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ అనే రెండు ఆయిల్ కంపెనీలకి గొడవైతే 1999లో, యాడ్స్ తగాదాలు తీర్చే అక్కడి సంస్థ అలాంటి దాన్నీ సింథటిక్ అనొచ్చు అని తేల్చేసింది. కాబట్టి డబ్బా ముందు పెద్దక్షరాలు చూసి మురిసిపోకుండా వెనక గ్రేడు, ఏపీఐ (ఆయిల్ నాణ్యతకి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) పక్కన రాసిన ఎస్ఎన్, ఎస్పీ లాంటి అక్షరాలు చూసుకోవాలి.

సర్వీస్ అడ్వైజర్ గారు "47 శాతం బెటర్" అన్నారని రాశారు, ఆ అంకె గాల్లోంచి వచ్చింది కాదు. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2017లో సింథటిక్, మామూలు ఆయిళ్ళు పోల్చి ఇచ్చిన అంకె అది. కాకపోతే అది ల్యాబ్‌లో ఆయిల్ గుణాల మీద పెట్టిన పరీక్షల సగటు, వేడికి తట్టుకోవడం, ఆవిరవ్వడం, చలిలో పారడం ఇలాంటివి. ఇంజిన్ 47 శాతం తక్కువ అరుగుతుందని వాళ్ళు చెప్పలేదు, ఫండ్ బ్రోచర్‌లో పాత రిటర్న్స్ చూపించి ముందుముందు కూడా ఇంతే వస్తాయని మనకి అనిపించేలా చేస్తారే, అలాంటిదే ఇది కూడా.

సరే, సింథటిక్ వల్ల మీ ఇంజిన్ ఇంకా ఎక్కువ కాలం బతుకుతుందనే ఒప్పుకుందాం. ఎంత కాలం కావాలండి మీకు? టైముకి ఆయిల్ మార్చిన పెట్రోల్ ఇంజిన్ రెండు లక్షలు తిరగడం మామూలు విషయం. మీవి 34,000 అయ్యాయి, మిగిలిన 1,66,000 మీరు ఏడాదికి ఆరు వేల చొప్పున తిరగడానికి 27 ఏళ్ళు పైన పడుతుంది. ఆర్‌సీ పదిహేనేళ్ళే, 2034లో రెన్యువల్‌కి వస్తుంది, అప్పటికి మీ బండి లక్ష కూడా దాటదు. ఇంజిన్ అరిగేలోపు మీకే ఆ కారు మీద మొహం మొత్తుతుంది. ఏడాదికి 1,575 అదనంగా కట్టి మీరు కొంటున్న ఆ ఎక్స్‌ట్రా లైఫ్, మీ తర్వాత మూడో చేతిలో ఆ బండి కొన్నాయన అనుభవిస్తాడు. నిజంగా అరుగుదల భయం ఉంటే ఎయిర్ ఫిల్టర్ చూపించుకోండి, మిర్చి యార్డు వైపు తిరిగే బండి ఎంత దుమ్ము పీలుస్తుందో మీకు తెలియంది కాదు, ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకి వెళ్ళే సన్నటి ఇసుక చేసే అరుగుదలని ఏ ఆయిలూ ఆపలేదు. మూడు నాలుగొందల్లో అయిపోయే పని.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే మీ బావమరిది గారి మాట లాంటిదే ఒకప్పుడు నేనూ నమ్మాను. పాత కారుకి ఖరీదైన సింథటిక్ పోయించి, ఇంక దీని సంగతి మర్చిపోవచ్చని పధ్నాలుగు నెలలు బానెట్ ఎత్తలేదు. బండి కొంచెం కొంచెంగా ఆయిల్ తాగుతోంది, పొగ కనపడేంత కాదు. సూర్యాపేట దాటాక డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర దీపం, ఆయిల్ కుజా బొమ్మ ఉండేది, వెలిగి ఆరింది, మళ్ళీ వెలిగింది. దాబా దాకా వెళ్ళి చూద్దాంలే అనుకుని ఆరు కిలోమీటర్లు నడిపాను. ఆ దీపం ఆయిల్ తగ్గిందని ముందుగా చెప్పే దీపం కాదు, ప్రెషర్ పడిపోయింది, బేరింగులకి ఆయిల్ అందట్లేదు అని చెప్పేది, వెలగగానే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి. ఆ ఆరు కిలోమీటర్లకి 32,000 బిల్లు. రోజంతా జనానికి ఎమర్జెన్సీ ఫండ్ గురించి చెప్పే మనిషిని, టోయింగ్ బండి వాడితో బేరం ఆడుతూ రోడ్డు పక్కన కూర్చున్నాను.

కాబట్టి నెలకోసారి డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో కొలిచే కడ్డీ, తీయండి. బండి చదునైన చోట పెట్టి, ఇంజిన్ ఆపి ఓ పది నిమిషాలు ఆగి, కడ్డీ బయటకి లాగి పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీస్తే తడి రెండు గీతల మధ్య ఉండాలి. పైగీతకి దగ్గరగా ఉంటే మంచిది, పైగీత దాటి ఉంటే అదీ తప్పే. వేలికి రాసుకుని వాసన చూడండి, పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే చిన్న ట్రిప్పులు ఎక్కువయ్యాయని అర్థం, అప్పుడు ఏడాది కూడా ఆగకండి. నల్లగా ఉందని మాత్రం కంగారు పడొద్దు, మసిని కడిగి తనలో పెట్టుకోవడం దాని పనే.

7,800 ప్యాకేజీలో 3,575 ఆయిల్‌ది, మిగతా 4,225లో ఫ్లష్ 850, కోటింగ్ 1,900, ఇంజెక్టర్ క్లీనింగ్ 1,475. ఈ మూడూ వద్దనండి. ఫ్లష్ అంటే మందు పోసి ఇంజిన్ లోపలి గార కడగడం, టైముకి ఆయిల్ మార్చిన 34,000 బండికి అది దేనికి, కోటింగ్ అనేది ఆయిల్లో కలిపే ఇంకో సీసా, చాలా కంపెనీల మాన్యువల్స్ అలాంటివి కలపొద్దనే చెప్తాయి. బండి స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తోందా, మైలేజీ పడిపోయిందా? లేదు అంటున్నారు, మరి ఇంజెక్టర్లని ఎందుకు కదపడం. 5డబ్ల్యూ-30 మామూలు ఆయిల్, కొత్త ఫిల్టర్, 2,000, ప్రతి ఏడాది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, సీల్ డబ్బా మీ ముందే తీయమనండి, ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టి ఇవ్వమనండి, లేకపోతే అందులో ఇంకేదో పోసి ఇంకెవరికో అమ్ముతారు. బయట చవగ్గా దొరికింది కదా అని 20డబ్ల్యూ-50 మాత్రం పోయించకండి. రేపు మీరు టర్బో పెట్రోల్ కారో, 0డబ్ల్యూ-20 అడిగే కారో కొంటే అప్పుడు ఈ చర్చే లేదు, టర్బో వేడికి సింథటికే కావాలి, ఖర్చు గురించి ఆలోచించొద్దు.

సిప్ సంగతి. 18 రూపాయలకి సిప్ లేదు గానీ, వద్దనుకున్న ఆ 5,800 ఉంది కదా, దాన్ని కూడా సిప్‌లో వేయకండి. కారు పేరుతో బ్యాంకులో ఒక ఆర్‌డీ తెరిచి నెలకి 1,500 వేసుకోండి, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ అన్నీ అందులోంచే. 2019 టైర్లు ఇంకా మార్చలేదు అంటున్నారు, గీతలు ఎంత ఉన్నా రబ్బరు వయసు అయిపోయింది, మీ తర్వాతి పెద్ద ఖర్చు అదే. గాలి కూడా సరిగ్గా పెట్టించండి, ఏడాదికి పెట్రోలుకి లీటర్ 110, మైలేజీ 15 అనుకుంటే 44,000 అవుతోంది, అందులో ఒక్క శాతం తేడా వచ్చినా 440, మీ రెండేళ్ళ ఆయిల్ పొదుపు కంటే ఎక్కువ.

మీ బావమరిది గారికి లెక్క వేరే. నెలకి 4,000 తిరిగే బండికి ఏడాది గడువు అడ్డురాదు, పైగా రోజంతా వేడిగా నడిచే ఇంజిన్‌లో తేమ నిలవదు. ఆయనకి సింథటిక్ పనికొస్తుంది, కానీ ఖర్చు తగ్గుతుందని కాదు. ఇవే రేట్లయితే మామూలు ఆయిల్ 10,000కి 2,000, అంటే సింథటిక్ 3,575కి గిట్టాలంటే 17,875 కి.మీ. నడవాలి. సర్వీస్ రోజు పోయే సగం పూట కిరాయి 800 అనుకుని రెండు వైపులా కలిపినా 15,600 దాటాలి. మాన్యువల్ 10,000 అంటే వారంటీ ఉన్నంతకాలం అంతే, దాటి నడిపి ఇంజిన్ పోతే క్లెయిమ్ దగ్గర ఆ గ్యాపే పట్టుకుంటారు. ఇంకో మాట, ఆయన బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిల్ అయితే డబ్బా వెనక ఫోటో తీసి పంపమనండి. వాటి సైలెన్సర్ లైన్లో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, దానికి బూడిద తక్కువ వదిలే ఆయిలే వాడాలి, సింథటిక్ అయినంత మాత్రాన సరిపోదు.