పిల్లికి పొట్ట కింద బొచ్చు పోతోంది, మెడ మీద పక్కులు కడుతున్నాయి: తిండి పడకా, ఇంకేదైనానా?

మీరు చెప్పింది ఇదీ: రెండేళ్ల పిల్లి, ఇల్లు దాటదు. పొట్ట కిందా తొడల లోపలా బొచ్చు పోయింది, మెడ చుట్టూ చేతికి గరుకుగా తగిలే చిన్న పక్కులు ఉన్నాయి. ఇంజెక్షన్ చేయిస్తే నెల రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. మూడు రకాల ఫుడ్, రెండు షాంపూలు మార్చారు. తిండి పడకే ఇలా అవుతోందా అని అడుగుతున్నారు.

అయుండొచ్చు. కానీ తిండి సంగతి తేల్చాలంటే కనీసం ఎనిమిది వారాలు పడుతుంది. అదీ పురుగులు, తామర (ఫంగస్ వల్ల వచ్చే చర్మరోగం) లేవని తేలాకే మొదలుపెట్టాలి, లేకపోతే ఆ ఎనిమిది వారాలూ దండగ. చాలామంది చేసే పొరపాటు ఈ వరస తిరగేయడమే.

ముందు ఒక సంగతి. పిల్లి చర్మం దురదను నాలుగు రకాలుగానే చూపిస్తుంది: మెడ, వీపు మీద ఆవగింజంత పక్కులు, నాకి నాకి బోడి అయిన పొట్ట, తొడలు, తల, మెడ మీద గీరుకున్న పుళ్లు, పై పెదవి మీదా పొట్ట మీదా ఉబ్బెత్తుగా ఎర్రటి పుండ్లు. ఫ్లీలైనా (బొచ్చులో దూరి నెత్తురు పీల్చే చిన్న పురుగులు), తిండైనా, గాల్లోని దుమ్మూ పుప్పొడీ అయినా ఈ నాలుగింటిలో దేన్నయినా తెప్పించగలవు. మీ పిల్లికి అందులో రెండున్నాయి, అంతే. ఫోటో చూసి "ఇది ఫంగస్", "ఇది చికెన్ ఎలర్జీ" అని తేల్చేసే వాళ్ల మాట పట్టించుకోకండి.

మొదట తేల్చుకోవాల్సింది బొచ్చు తనంతట తాను రాలుతోందా, పిల్లి నాకి తెంపేస్తోందా అని. బోడి అయిన చోట అరచేతిని ఎదురు దిశలో పోనివ్వండి. గరుకుగా, కత్తిరించినట్టు తగిలితే తెంపుతోందన్నమాట. డాక్టరు దగ్గర ఇది ఇంకా కచ్చితంగా తెలుస్తుంది: బోడి మచ్చ అంచు నుంచి పది పదిహేను వెంట్రుకలు పీకి, లిక్విడ్ పారఫిన్ చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. కొన విరిగి ఉంటే నాకుడు, కొన సన్నగా మొనదేలి ఉంటే రాలడం. "మా పిల్లి నాకడం మేం చూడలేదు" అనేది లెక్కలోకి రాదు. చాలా పిల్లులు ఎవరూ లేనప్పుడే నాకుతాయి. రాత్రిపూట ఫోన్ కెమెరా ఆన్ చేసి పెట్టండి. మలంలో వెంట్రుకలు ఎక్కువగా కనిపించినా, వెంట్రుకల ఉండలు తరచూ కక్కుతున్నా అదే ఆనవాలు.

ఇక ఆ ఇంజెక్షన్. దాని పేరు, వేసిన తేదీ డాక్టరునడిగి రాసిపెట్టుకోండి. నెల రోజులు పనిచేసిందంటే బహుశా ఎక్కువకాలం ఉండే స్టెరాయిడ్ అయి ఉంటుంది. అది కారణం ఏదైనా దురదను అణిచేస్తుంది, కాబట్టి తగ్గినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. పైగా దాని ప్రభావం ఉన్నన్నాళ్లూ ఏ ట్రయల్ (మందో తిండో కొన్నాళ్లు వాడి చూడటం) ఫలితాన్నీ నమ్మలేం. తామరో, గజ్జి పురుగులో ఉంటే అవి ఆ చాటున పెరుగుతాయి. పదే పదే వేయిస్తే షుగరు వచ్చే ప్రమాదముంది, లోపల గుండెజబ్బు దాగి ఉన్న పిల్లికి గుండె మీదా భారం పడుతుంది. కారణం వెతుకుతున్నన్నాళ్లు రెండో ఇంజెక్షన్ వద్దని చెప్పండి.

ఇప్పుడు ఫ్లీలు. "మా ఇంట్లో ఫ్లీలు లేవు" అన్నవాళ్ల పిల్లులకూ ఉండొచ్చు, ఎందుకంటే దురద పుట్టిన పిల్లి వాటిని నాకి మింగేస్తుంది. తోక మొదలు, నడుం, మెడ వెనక పేల దువ్వెనతో చర్మానికి ఆనించి దువ్వండి. దువ్వెనలో పడిన నల్లటి నలుసుల్ని తడిపిన తెల్ల టిష్యూ మీద దులిపి ఒక నిమిషం ఆగండి. చుట్టూ ఎర్రటి గోధుమరంగు పాకితే అది ఫ్లీ రెట్ట, అంటే అరిగిన నెత్తురు. పాకకపోతే మామూలు మట్టి. ఏమీ దొరక్కపోయినా ఫ్లీలు లేవని కాదు. ఎలర్జీ ఉన్న పిల్లికి నాలుగైదు కాట్లు చాలు.

బయటికి వెళ్లని పిల్లికి ఎలా వస్తాయంటారా? ఇంట్లో కుక్క ఉంటే అది తెస్తుంది, మనుషుల బట్టల మీదా రావచ్చు. ఒక్కసారి ఇంట్లో గుడ్లు రాలాక లెక్క మారిపోతుంది. జంతువు మీద కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో సుమారు 5 శాతమే. మిగతావి గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా సోఫా మడతల్లో, తివాచీలో, పిల్లి పడుకునే గుడ్డలో ఉంటాయి. ప్యూపా దశ మీద స్ప్రేలు పనిచేయవు, నెలల తరబడి అలాగే కాచుకుని ఉండగలదు. ఒక్క డోసు వేసి "తగ్గలేదు, ఫ్లీలు కావు" అనడం అందుకే తప్పు.

సరైన ట్రయల్ ఇలా ఉంటుంది. ఇంట్లో ఉన్న ప్రతి పిల్లికీ, కుక్కకీ, దేనికి తగిన మందు దానికి, ఒకే రోజు మొదలుపెట్టి మూడు నెలలు ఆపకుండా వేయాలి. నెలకోసారి వేసేదైతే మూడు డోసులు. ఫ్లూరలానర్ చుక్కల మందు ఒక్క డోసే ఆ మూడు నెలలూ పనిచేస్తుంది. మెడ వెనక, పుర్రె అడుగున, నాలుక అందని చోట బొచ్చు పాయ తీసి, ట్యూబు మొన చర్మానికి ఆనించి పిండాలి. బొచ్చు మీద పోస్తే సగం మందు అక్కడే ఆగిపోతుంది. అది ఆరేదాకా ఇంకో పిల్లిని దాన్ని నాకనివ్వకండి. వేయడానికి ముందూ తర్వాతా రెండేసి రోజులు స్నానం వద్దు. గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి, సోఫా కింద వాక్యూమ్ చేయండి.

మందు ఎంపికలో ఒక లాభం ఉంది. సెలామెక్టిన్ ఫ్లీలతో పాటు చెవి పురుగుల్నీ తలకు పట్టే గజ్జినీ కూడా చూసుకుంటుంది. ఫ్లూరలానర్ లాంటి ఐసోక్సాజొలిన్ రకం అయితే డెమోడెక్స్ గటోయి అనే పురుగు మీద కూడా పనిచేస్తుంది. స్క్రేపింగ్‌లో (చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడటం) సులువుగా దొరకని పురుగు అది, దాన్నీ పిల్లి నాకి మింగేస్తుంది. అంటే ఒక్క ట్రయల్‌తో రెండు మూడు అనుమానాలు తీరిపోతాయి. నేనైతే ఈ రకం వైపే మొగ్గుతాను. కాకపోతే పిల్లికి ఇంతకుముందు ఫిట్స్ వచ్చి ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

కుక్కల ఫ్లీ మందు పిల్లికి ఎప్పుడూ వేయకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పెర్మెథ్రిన్ పిల్లికి విషం: వణుకు, ఫిట్స్, ప్రాణం మీదికి రావడం. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెల సబ్బు ద్రవంతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిసిన నూనెలు, ఫినాల్ ఉన్న క్రిమిసంహారకాలు, మనుషుల గజ్జికి రాసే బెంజైల్ బెంజోయేట్ ఇవన్నీ అదే కోవ. పిల్లి చర్మానికి రాసినదంతా పిల్లి కడుపులోకే పోతుంది.

ఫ్లీ మందు మొదలుపెట్టిన రోజే తామర పరీక్ష కూడా ఇచ్చేయండి, రెండూ పక్కపక్కన నడుస్తాయి. గుండ్రటి బోడి మచ్చ ఉంటేనే తామర అనుకోకండి, పిల్లుల్లో అది ఏ రూపంలోనైనా రావచ్చు. మనుషులకు అంటుకుంటుంది కూడా, పిల్లలున్న ఇల్లయితే దీన్ని అసలు దాటేయకూడదు. వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత కాంతి దీపం) కింద వెంట్రుక కాడే ఆపిల్ ఆకుపచ్చగా వెలగాలి. పక్కు, చుండ్రు, పూసిన ఆయింట్‌మెంట్ కూడా మెరుస్తాయి, అవి లెక్క కాదు. వెలగనంత మాత్రాన తామర లేదని తీర్మానించనూ కూడదు. అప్పుడు కల్చర్, అంటే ఫంగస్‌ను పెంచి చూడటం: కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా దువ్వి, పుండున్న చోటు ఆఖర్న దువ్వి, ఆ బ్రష్‌ను ప్లేటులోని మీడియం (ఫంగస్ పెరిగే పదార్థం) మీద అద్దుతారు. ప్లేటును రోజూ చూడాలి. తెల్లటి దూది లాంటి బూజు, దాంతో పాటే ఎర్ర రంగు వస్తే అనుమానం బలపడుతుంది, అప్పుడు మైక్రోస్కోపులో ఖాయం చేసుకోవాలి. రంగు ఒక్కటే మారితే చాలదు. మామూలు బూజు కూడా కొన్నాళ్లకు ప్లేటును ఎర్రబరుస్తుంది, ఆకుపచ్చగానో నల్లగానో ఉన్న బూజైతే తామర కాదు. లేదని చెప్పాలంటే రెండు మూడు వారాలు ఆగాలి.

అదే విజిట్‌లో సెల్లోటేప్‌తో పక్కుల మీంచి కణాలు తీసి చూడమనండి. ఖర్చు తక్కువ, ఐదు నిమిషాల పని. బాక్టీరియా, ఈస్ట్ కనిపిస్తే అవి చాలావరకు తర్వాత చేరినవే, అసలు కారణం కావు. అయినా వాటికి మందు వాడి తీరాలి. వాటి దురద ఉండగా ఫుడ్ ట్రయల్ చేస్తే ఫుడ్ పనిచేసినా తగ్గినట్టు కనిపించదు. మిగతా పురుగులు త్వరగానే దొరుకుతాయి: చెవిలో కాఫీపొడి లాంటి మురికి ఉంటే చెవి పురుగు, చెవి అంచు నుంచి ముఖం మీదికి మందంగా బూడిదరంగు పక్కులు పాకితే నోటోయెడ్రెస్ (తలకు పట్టే గజ్జి పురుగు), అక్కడ గీకితే కుప్పలుగా కనిపిస్తాయి, వీపు మీద చుండ్రు కదులుతున్నట్టుంటే చైలెటియెల్లా.

ఇవన్నీ దాటాక తిండి. మీరు మూడు బ్రాండ్లు మార్చినా ఏమీ తేలకపోవడం వింత కాదు. ప్యాకెట్ ముందు ఏ పేరున్నా వెనక పదార్థాల జాబితా చదవండి, మూడింట్లోనూ చికెనో చేపో ఉండే అవకాశమే ఎక్కువ. పిల్లుల్లో ఎక్కువగా నమోదైన ఎలర్జీలు బీఫ్, చేప, చికెన్‌లవే. "గ్రెయిన్ ఫ్రీ" వల్ల ఇక్కడ ఒరిగేదేం లేదు. నెత్తురు, ఉమ్మి, వెంట్రుకల పరీక్షలతో ఫుడ్ ఎలర్జీ చెబుతామనే వాటి మీద డబ్బు పెట్టకండి, వాటి ఫలితం నమ్మదగ్గది కాదు.

పనికొచ్చేవి రెండే: ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రొలైజ్డ్ ఫుడ్, లేదా ఈ పిల్లి పుట్టాక ఎన్నడూ ముట్టని మాంసం ఒక్కదాంతో చేసిన ఫుడ్. రెండోదానికి ముందు ఇప్పటిదాకా తిన్నదంతా గుర్తు తెచ్చుకుని రాయాలి, అదే కష్టం. నేను మొదటిదే చెబుతాను. ఇంట్లో వండి పెట్టాలంటే టారిన్ లాంటి పోషకాలు తక్కువ కాకుండా న్యూట్రిషన్ తెలిసిన డాక్టరు చేత కొలతలు రాయించుకోవాలి.

పాత ఫుడ్‌లో కలుపుతూ వారం, పది రోజుల్లో పూర్తిగా మార్చండి. పూర్తిగా మారిన రోజు నుంచి ఎనిమిది వారాలు లెక్క. ట్రయల్‌ను పాడుచేసేవి ఎప్పుడూ చిన్నచిన్నవే: ట్రీట్లు, ఫ్లేవర్ ఉన్న నులిపురుగుల మాత్ర, చేప నూనె క్యాప్సూల్, పక్క పిల్లి గిన్నె, పిల్లలు కింద పడేసిన ముక్క, వేటాడి తిన్న బల్లి. ఇంకో పిల్లి ఉంటే దానికీ అదే ఫుడ్ పెట్టడం అన్నిటికన్నా తేలిక. మొండికేస్తే "ఆకలైతే అదే తింటుందిలే" అని వదిలేయకండి. రెండు మూడు రోజులు పస్తుంటే, ముఖ్యంగా లావు పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం అవుతుంది. ఒక రోజు పూర్తిగా ముట్టకపోతేనే డాక్టరుకు ఫోన్ చేసి వేరే రకానికి మారండి. వారానికోసారి తూకం వేయండి. అదే రోజు, అదే వెలుతురులో పొట్ట ఫోటో తీసి, దురదకు 0 నుంచి 10 దాకా ఒక మార్కు రాయండి. ఫ్లీ మందు మాత్రం ఆపకూడదు.

ఎనిమిది వారాలకు తగ్గితే పని సగమే అయింది. పాత ఫుడ్ మళ్లీ పెట్టాలి. చాలామంది ఇక్కడే వెనకాడతారు, బాగైన పిల్లిని మళ్లీ బాధపెట్టడమెందుకని. కానీ ఈలోగా కాలం మారి ఉండొచ్చు, ఫ్లీలు పోయి ఉండొచ్చు. పాత ఫుడ్‌తో 14 రోజుల్లోపు దురద తిరిగొచ్చి, కొత్తదానికి మారగానే తగ్గితేనే తిండి అని రుజువైనట్టు. ఆ తర్వాత ఒక్కో మాంసాన్ని రెండేసి వారాలు కలిపి చూస్తే ఏది పడదో తెలుస్తుంది.

మీ పిల్లి విషయంలో అడగాల్సింది ఇంకోటి ఉంది: బోడి అయింది పొట్ట కిందే కాబట్టి మూత్రం సంగతి. మూత్రాశయం నొప్పిగా ఉన్న పిల్లి ఆ పైచర్మాన్నే నాకుతుంది. ట్రేలోకి మాటిమాటికీ వెళ్తోందా, నెత్తురు పడుతోందా చూసి ఒక మూత్ర పరీక్ష చేయించండి. "టెన్షన్ వల్ల నాకుతోంది" అనే మాట మాత్రం చివరికి ఉంచుకోండి. మానసిక కారణమని అనుకున్న 21 పిల్లుల్ని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 16 పిల్లులకు శరీర జబ్బే బయటపడింది. మనసు ఒక్కటే కారణమైనవి రెండే.

ఏదీ తేలకపోతే మిగిలేది గాల్లో వచ్చే వాటికి ఎలర్జీ. దానికి నేరుగా ఖాయం చేసే పరీక్ష లేదు, మిగతావన్నీ కొట్టేశాకే ఆ పేరు పెడతారు. నెత్తుటి ఎలర్జీ పరీక్ష ఇక్కడ పనికొచ్చేది ఇమ్యునోథెరపీ (ఎలర్జీ తెప్పించేదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం) మందులో ఏం కలపాలో ఎంచుకోవడానికే. మందుల్లో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఇంజెక్షన్ కన్నా మేలు, కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములతో మొదలై దురద తగ్గాక రోజు విడిచి రోజుకు దించుతారు, కావాలంటే ఆపగలం. ఎక్కువకాలం వాడాలంటే సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు), రోజుకు కిలోకు 7 మిల్లీగ్రాములు. అది పూర్తిగా పనిచేయడానికి నెల దాకా పడుతుంది. మొదలుపెట్టే ముందు ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌లు) పరీక్షలు చేయించాలి. వాడుతున్నన్నాళ్లు పచ్చి మాంసం పెట్టకూడదు, వేటకు వదలకూడదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే ఆ పిల్లి తట్టుకోలేదు.