పన్నెండు పేజీలు పధ్నాలుగెందుకవుతాయి?

ప్రశ్న: మా డీటీపీ షాపులో లిబ్రేఆఫీస్ వేశాం. కస్టమర్ల వర్డ్ ఫైలు తెరిస్తే పన్నెండు పేజీలది పధ్నాలుగవుతోంది. ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌తో అచ్చంగా సరిపోకపోతే ఎలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఫాంటు చూడండి. జారిన పేరాలో కర్సర్ పెడితే ఫాంటు పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తోందా? అయితే ఆ ఫాంటు మీ దగ్గర లేదు, వేరేదేదో దాని చోట కూర్చుంది. అక్షరం వెడల్పు వెంట్రుకవాసి తేడా వచ్చినా లైను విరిగే చోటు మారిపోతుంది. కాలిబ్రికి కార్లిటో, కేంబ్రియాకు కలేడియా, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ వేసుకోండి. వెడల్పులు సరిగ్గా కలిసేలా కొలిచి చేసిన ఉచిత ఫాంట్లవి.

తెలుగులో చిక్కు వెడల్పుతో పోదు. పైన గుడులకు, కింద ఒత్తులకు ఒక్కో ఫాంటు ఒక్కోలా చోటు వదులుతుంది. గౌతమిలో టైప్ చేసింది లోహిత్‌లో తెరిస్తే లైను ఎత్తే మారుతుంది. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లయితే ఇద్దరూ ఒకటే వేసుకోవచ్చు. లేదా వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లను ఫైల్లోనే పొదిగి పంపమనండి. లైసెన్సు ఒప్పుకునే ఫాంట్లకే అది కుదురుతుంది. ఏదేమైనా పక్కన ఒక పీడీఎఫ్ అడిగి తీసుకోండి, పోల్చుకోవడానికి.

ఇక అచ్చంగా సరిపోవాలా అంటే, చదవడం వరకు తప్పదు. లేకపోతే మీ కస్టమరు పక్క షాపుకు పోతాడు. రాయడంలో మాత్రం వర్డ్ వెనక పరుగెత్తడం దండగ. వర్డ్ ఫైళ్ల రూపమైన డాక్‌ఎక్స్ 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వారి 29500 ప్రమాణమైంది. అందులో స్ట్రిక్ట్, ట్రాన్సిషనల్ అని రెండు రకాలు. వర్డ్ మామూలుగా సేవ్ చేసేది పాత వర్డ్ అలవాట్లను మోసుకొచ్చే ట్రాన్సిషనల్‌నే. వాటన్నిటినీ అనుకరించేలోగా కొత్త వర్షన్ వస్తుంది. అందుకే మీ అసలు ప్రతిని లిబ్రేఆఫీస్ సొంత రూపమైన ఓడీటీలో ఉంచండి. అది 2006 నుంచే ఐఎస్ఓ ప్రమాణం. కస్టమరు అడిగితే చివర్లో ఒక్కసారి డాక్‌ఎక్స్ తీసివ్వండి. ఒకే డాక్‌ఎక్స్ అటూ ఇటూ తిరిగితే ప్రతి సేవ్‌లో ఒక మార్పిడి జరుగుతుంది. ఫ్రేములు, నంబరింగ్ ముందు చెడతాయి.

ప్రశ్న: పాత అను ఫాంట్లతో టైప్ చేసిన ఫైళ్లను కూడా లిబ్రేఆఫీస్ నేరుగా చదవాలి కదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అక్కర్లేదు. అవి తెలుగు అక్షరాలకు సొంత కోడ్లిచ్చే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి, ఆ ఫాంటు తీసేస్తే గజిబిజే. కన్వర్టర్‌తో ఒక్కసారి యూనికోడ్‌కు మార్చేయండి. ఫైలు ఏ అను వర్షన్‌లో చేసిందో చూసి కన్వర్టర్‌లో అదే ఎంచుకోండి. మధ్యలోని ఇంగ్లీషు మాటలను ముందే పక్కకు తీయండి: ఉత్త టెక్స్టుగా అతికిస్తే ఏది ఏ ఫాంటో కన్వర్టర్‌కు తెలియదు, ఇంగ్లీషును కూడా తెలుగనుకుని తిప్పేస్తుంది. తర్వాత ఒత్తులూ అంకెలూ ప్రూఫ్ చూసుకోండి.