సిలబస్ తిరగెయ్యి, సుజాతా

చి. సుజాతకి, పెదనాన్న ఆశీస్సులు.

నీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్ క్లాసు నీకిచ్చారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన సిలబస్ చదివాను. అమెరికా సుప్రీంకోర్టు తీర్పులతో మొదలుపెట్టి, సంస్కరణల్ని ఆఖరి రెండు వారాల్లోకి నెట్టావు. ఇక్కడ అమెరికాలో ఇన్నేళ్లు ఇదే పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, బెయిల్‌తో మొదలుపెట్టు.

పిల్లలు టీవీ చూసి, కేసంటే జ్యూరీ ముందు వాదించడమే అనుకుని వస్తారు. నిజానికి శిక్షపడే కేసుల్లో నూటికి 90కి పైగా విచారణ దాకా వెళ్లవు. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తామనే బేరంతోనే తేలిపోతాయి. ఏ అభియోగం మోపాలో, ఏది వదిలెయ్యాలో ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే లాయర్ చేతిలో ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో ఆ ప్రాసిక్యూటర్‌ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఈ సంగతి బుర్రకెక్కకపోతే సంస్కరణ మీద ఎన్ని క్లాసులు చెప్పినా పిల్లలకి నినాదాలే మిగులుతాయి.

కలీఫ్ బ్రౌడర్ కేసు తీసుకో. తొందరపడకుండా మూడు నాలుగు క్లాసులు దాని మీదే ఉండు. 2010లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 16 ఏళ్ల కుర్రాడు, బ్యాగు దొంగిలించాడని పట్టుకున్నారు. బెయిల్ 3,000 డాలర్లు. ఇంట్లో అంత డబ్బు లేదు. అప్పటికే ప్రొబేషన్‌లో, అంటే పాత కేసులో జైలుకి బదులు అధికారుల పర్యవేక్షణలో ఉండటంతో తర్వాత ఆ బెయిల్ కూడా లేకుండా పోయింది. ఇది పిల్లల దగ్గర దాచకు, వాళ్లే ఎక్కడో చదివి నీ మీద నమ్మకం పోగొట్టుకుంటారు. రైకర్స్ ఐలాండ్ జైల్లో విచారణ లేకుండా దాదాపు మూడేళ్లు, అందులో చాలాకాలం ఒంటరి గదిలో.

అక్కడ కథ ఆపి తలా ఒక కాగితం ఇవ్వు. ‘నేరం ఒప్పుకుంటే ఇవాళే ఇంటికెళ్లొచ్చు, లేదంటే విచారణ ఎప్పుడో తెలియదు. ఏం చేస్తావు? ఎందుకు?’ పేర్లు రాయొద్దను. చెయ్యని నేరం ఎవరొప్పుకుంటారని అప్పటిదాకా గట్టిగా అన్నవాళ్ల కలాలు అక్కడ ఆగిపోతాయి. బ్రౌడర్‌కి అలాంటి బేరాలు పెట్టారనీ, ఒక్కటీ ఒప్పుకోలేదనీ, 2013లో కేసు కొట్టేశారనీ, 2015లో ఆత్మహత్య చేసుకున్నాడనీ ఆ తర్వాతే చెప్పు.

ఇక సంస్కరణలోకి దిగు. న్యూజెర్సీ 2017 నుంచి డబ్బు బెయిల్‌ని దాదాపు పక్కన పెట్టింది. ఇల్లినాయ్ 2023 సెప్టెంబర్‌లో పూర్తిగా రద్దు చేసింది. న్యూయార్క్ 2019లో చట్టం మార్చి, విమర్శలొచ్చాక మళ్లీ మళ్లీ సవరించింది. ఎందుకు సవరించాల్సొచ్చిందో పిల్లల్నే వాదించుకోనివ్వు. నేరానికి బలైనవాళ్ల భయం, కోపం కూడా క్లాసులో వినపడాలి, లేకపోతే నువ్వు చెప్పేది సగం పాఠమే.

గిడియన్ కేసు ఆ తర్వాత చెప్పు. గిడియన్ అనే ఖైదీ జైల్లోంచి పెన్సిల్‌తో రాసిన అర్జీతో, లాయర్‌ని పెట్టుకోలేని పేదవాడికి ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలనే హక్కు 1963లో వచ్చింది. మీ కౌంటీలో ఒక్కో పబ్లిక్ డిఫెండర్, అంటే పేద నిందితుల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్ చేతిలో ఎన్ని కేసులున్నాయో పిల్లల్ని కనుక్కు రమ్మను.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ‘మీలో ఎవరింట్లోనైనా జైలుకెళ్లినవాళ్లున్నారా, చేతులెత్తండి’ అని ఎప్పుడూ అడగొద్దు. ఆ క్లాసులో అలాంటి బిడ్డ ఉండే ఉంటుందనుకుని ప్రతి మాటా మాట్లాడు.

ఒక ఉదయం వాళ్లని అరైన్‌మెంట్ కోర్టుకి, అంటే నిందితుణ్ని జడ్జి ముందు నిలబెట్టి అభియోగం చెప్పే చోటికి తీసుకెళ్లు. ఎవరైనా వెళ్లి వెనక బెంచీల్లో కూర్చోవచ్చు. అభియోగం ఏమిటి, ఎంత బెయిల్ అడిగారు, నిందితుడు నోరు తెరిచాడా, ఎన్ని నిమిషాల్లో అయిపోయింది, ఇవి రాసుకోమను. కోర్టు టైమింగ్స్, ఫోన్ల విషయం క్లర్క్ ఆఫీసుకి ముందే ఫోన్ చేసి కనుక్కో.