ముందు ఇంట్లో చెప్పాలా, నోటీసు ఇవ్వాలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది హిందూ కుటుంబం. నాతో పనిచేసే క్రైస్తవ అబ్బాయితో పరిచయమై ఏడు నెలలే అయింది. పది రోజుల క్రితం ఉన్నట్టుండి ఉంగరాలు మార్చుకున్నాం. మా పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. నాన్నగారు వాళ్లు ఐదుగురు అన్నదమ్ములు. ఏ విషయమైనా అందరూ కూర్చుని తేల్చాల్సిందే. వచ్చే నెల తాతయ్య పుట్టినరోజుకు నలభై మందిమి కలుస్తాం, అప్పుడు చెబుదామనుకుంటున్నాం. వాళ్లు పెళ్లి ఆపగలరా? ఎవరో ఒకరం మతం మారాలా? మతాంతర పెళ్లి చేసుకుంటే తాతయ్య ఆస్తిలో వాటా రాదని పెదనాన్న అంటుంటారు, నిజమేనా? అసలు ముందు రిజిస్టర్ చేసుకుని ఆ తర్వాత చెబితే పోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావాటిలో చట్టం చాలావరకు మీ వైపే ఉంది. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే.

రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, దండలు మార్చుకుని, సాయంత్రానికి సర్టిఫికెట్‌తో బయటికి రావచ్చని అనుకుంటారు. మతాలు వేరైన జంటకు అది కుదరదు. మీకు వర్తించేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దాని ప్రకారం, మీ ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి ముందుగా నోటీసు ఇవ్వాలి. ఆయన దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తారు. 30 రోజులు ఆగాకే పెళ్లి. పైగా మీ ఇద్దరిలో ఎవరి శాశ్వత నివాసమైనా మరో జిల్లాలో ఉంటే, అక్కడి అధికారికి కూడా నోటీసు కాపీ వెళ్తుంది, అక్కడా అంటిస్తారు. అంటే ఉద్యోగం చేసే ఊళ్లో గుట్టుగా కానిచ్చేద్దామనుకున్నా, మీ పేరు మీ సొంత జిల్లా నోటీసు బోర్డు ఎక్కుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి కూడా మీలాగే ఆలోచించాడు. ఉదయం నోటీసు బోర్డు మీద పడింది. స్థలం రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన వాళ్ల బంధువు ఒకాయన దాన్ని ఫోన్‌లో ఫొటో తీశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు అది వాళ్ల కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఉంది. మర్నాడు తండ్రి రెండు పేజీల అభ్యంతరం రాసుకుని వచ్చాడు. నిండా పరువు, కులం, తాతల పేర్లు. అధికారి ఓపిగ్గా చదివి, 'ఇందులో నాలుగో సెక్షన్‌కు సంబంధించింది ఏదండీ?' అని అడిగాడు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉంది. ఆ నాలుగో సెక్షన్ ప్రకారం చట్టం ఒప్పుకునే అభ్యంతరాలు కొన్నే: ఇద్దరిలో ఎవరికైనా అప్పటికే పెళ్లయి భార్యో భర్తో బతికి ఉండటం, పెళ్లికి సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం (అంటే చట్టం పెళ్లికి ఒప్పుకోనంత దగ్గరి చుట్టరికం). 'మాకు ఇష్టం లేదు' అన్నది అందులో లేదు. అభ్యంతరం వస్తే అధికారి 30 రోజుల్లో విచారించి తేల్చాలి. పెళ్లి జరిపించనంటే మీరు 30 రోజుల్లోగా జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఉత్తపుణ్యానికి అడ్డుపడినవారికి ఖర్చుల కింద వెయ్యి రూపాయల దాకా వేసే అధికారం కూడా వివాహ అధికారికి ఉంది. 1954లో పెట్టిన అంకె, ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ భయపడరనుకోండి!

మతం మారక్కర్లేదు. పెళ్లి కోసమని మారొద్దనే నా సలహా. కొన్ని రాష్ట్రాల్లో మతం మారడానికి విడిగా చట్టాలున్నాయి, లేనిపోని టెన్షన్ నెత్తినేసుకోవడం ఎందుకు? చర్చిలో చేసుకోవాలని అబ్బాయి తరఫువారు అడిగితే, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. కాకపోతే ఆ చర్చి నియమాలు ఏమిటో ముందే కనుక్కోండి.

ఒక్క పని మాత్రం చేయకండి. 'గుళ్లో తాళి కట్టించి, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయిస్తే అయిపోతుంది కదా' అని ఎవరో ఒకరు తప్పక అంటారు, బహుశా మీ పెదనాన్నే. ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. ఒక హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి సరిగ్గా అలాగే గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకుంటే, ఏళ్ల తర్వాత 2008లో సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లదని చెప్పింది. రిజిస్ట్రేషన్ కాగితం దాన్ని నిలబెట్టలేకపోయింది.

ఇక ఆస్తి. పెదనాన్నగారు రెండు విషయాలు కలిపేస్తున్నారు. ప్రత్యేక వివాహ చట్టం కింద మతాంతర పెళ్లి చేసుకుంటే ఉమ్మడి కుటుంబం నుంచి మీరు వేరుపడినట్టు లెక్క. వేరుపడటం అంటే వాటా పోవడం కాదు, మీ వాటాతో విడిపోవడం. అది పూర్వీకుల ఉమ్మడి ఆస్తి అయితే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. అదే తాతయ్య స్వార్జితమైతే వీలునామా ఆయన ఇష్టం. మీరు ఎవరిని చేసుకున్నా, అసలు చేసుకోకపోయినా అంతే. ముందు ఆ దస్తావేజులు ఎవరి పేర ఎలా వచ్చాయో పిన్నిని అడిగి చూడండి. మారేది ఇంకొకటి ఉంది. మీ తదనంతరం మీ సొంత ఆస్తి ఎవరికి వెళ్లాలన్నది 1925 నాటి భారత వారసత్వ చట్టం తేలుస్తుంది.

ఉంగరాల సంగతికి వస్తే, నిశ్చితార్థం పెళ్లి కాదు. రేపు ఇద్దరిలో ఎవరు వద్దన్నా, పెళ్లి చేసుకోమని ఆదేశించే వీలు ఏ కోర్టుకూ లేదు. ఏడు నెలల పరిచయం అన్నారు కాబట్టి చెబుతున్నాను, అంతే.

నా మాటగా వరుస ఇది. పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందే అమ్మానాన్నలకు విడిగా చెప్పండి, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని. నలభై మంది ముందు ఒక్కసారిగా చెబితే నాన్నగారు అన్నదమ్ముల ఎదుట తలదించుకున్నట్టు భావిస్తారు, అక్కడ 'సరే' అనే వీలు కూడా ఆయనకు ఉండదు. తర్వాతే నోటీసు. ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ కొత్తగా నోటీసు ఇవ్వాలి. అంటే నెల రోజుల గడువు పోయినా, ఇంటివాళ్లను ఒప్పించడానికి ఇంకో రెండు నెలలు చేతిలో ఉంటాయి.

బెదిరింపులు వస్తే, లేదా గదిలో పెట్టి తాళం వేస్తే, ఆలస్యం చేయకుండా పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మేజర్లయిన మతాంతర జంటలను ఎవరూ వేధించకుండా చూడాలని 2006లోనే సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది. మీ ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ మీ దగ్గరే ఉంచుకోండి. అవి ఇంట్లో బీరువాలో ఉంటే, చెప్పబోయే ముందే తెచ్చుకోండి.

పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. ఒకరు మీ పిన్ని అనుకుందాం. రెండో పేరు అబ్బాయి తరఫు. మూడోది ఇప్పుడే నింపకండి, పెదనాన్నగారికి ఆ రెండు నెలలూ ఉన్నాయి కదా.