వాతావరణ మార్పుల పాఠం చెప్పాలంటే ఏ చదువు చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. 2021 నవంబరు వరదల్లో మా వీధి మునిగినప్పుడు తను ఎనిమిదో తరగతి. అప్పటి నుంచి వాతావరణ మార్పుల గురించి పిల్లలకు చెప్పే టీచర్ అవుతానంటోంది, ఇంజనీరింగ్ వద్దంటోంది. ఆ సబ్జెక్టుకు ఉద్యోగాలు ఉంటాయా? – ఒక తండ్రి, రేణిగుంట

జవాబు: ముందుగా ఉన్నమాట చెబుతాను. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టులు గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం వంటి సబ్జెక్టుల పేరిటే ఉంటాయి. వాతావరణ మార్పుల పేరిట పోస్టు లేదు. అందువల్ల ఆ పేరున్న డిగ్రీ కోసం వెతికి, ఎక్కువ ఫీజు కట్టి ఏదో ఒక ప్రైవేటు కోర్సులో చేర్చవద్దని నా గట్టి సలహా.

అయితే పోస్టు లేనంత మాత్రాన బడిలో ఆ పాఠానికి చోటు లేదని కాదు. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే, పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో ఆదేశించింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ మాటే చెప్పింది. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 2022 సెప్టెంబరు నుంచి ఈ విషయాన్ని విడి సబ్జెక్టుగా కాక, ఉన్న సబ్జెక్టుల్లోనే కలిపి బోధిస్తోంది. మీ అమ్మాయికి తగిన దారి కూడా ఇదేనని నా అభిప్రాయం: భౌతికశాస్త్రం టీచరుగా చేరి, ఆ పాఠాల్లోనే దీనిని చెప్పడం. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదన్న సంగతి భౌతికశాస్త్రమే కదా. 2021 వరదల్లో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్లను ఖాళీ చేయించిన ఆ రోజులు గుర్తున్న పిల్లలకు ఆ ఒక్క సంగతి విడమరచి చెబితే, కుండపోత వానలు ఎందుకు పెరుగుతున్నాయో వారికే అర్థమవుతుంది.

చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను చూసిన తరగతి ఒకటి చెబుతాను. నిటారు గోడలున్న నీళ్ల సీసా పైభాగాన్ని కోసి, దానినే గరాటులా తలకిందులుగా అమర్చి, అడుగున గులకరాళ్లు వేసి, వంపు మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడి నుంచి స్కేలు అతికించారు. మర్నాటికి 18 మిల్లీమీటర్ల వాన. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు కాబట్టి, వంద చదరపు మీటర్ల బడి కప్పు మీద 1,800 లీటర్లు పడ్డాయని ఏడో తరగతి పిల్లలు లెక్కగట్టి, ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయని టీచరును నిలదీశారు. ఒక్క రోజు వాన వాతావరణం, కనీసం ముప్పై ఏళ్ల సగటు శీతోష్ణస్థితి అన్న తేడాను ఆ టీచరు అప్పుడు చెప్పారు. పత్రికలు రెండింటికీ ‘వాతావరణం’ అనే రాయడం వల్ల పెద్దలమే తడబడుతున్నాం. ఆ తేడాను తెలుగులో తేటగా చెప్పగలిగే టీచర్లు మనకు చాలా అవసరం.

ఇక చదువు సంగతి. భౌతికశాస్త్రంతో డిగ్రీ, ఎడ్‌సెట్ ద్వారా రెండేళ్ల బీఈడీ, ఆపై టెట్, డీఎస్సీ అన్నది అందరికీ తెలిసిన దారి. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యలో చేరాలంటే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష ఎన్‌సీఈటీ రాయాలి. దీనివల్ల కనీసం ఒక ఏడాది కలిసివస్తుంది. మూడోది, మీకు దగ్గరలోని ఏర్పేడు వద్ద ఉన్న ఐసర్ అనే జాతీయ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ: దాని ప్రవేశ పరీక్ష ఐఏటీలో ర్యాంకు వస్తే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవవచ్చు, అక్కడ భూ, శీతోష్ణస్థితి శాస్త్రాల విభాగం కూడా ఉంది. ఆ చదువుతో పరిశోధన వైపు వెళ్లాలనిపిస్తే, వాతావరణాన్ని రాడార్లతో అధ్యయనం చేసే జాతీయ పరిశోధనాలయం మన గాదంకిలోనే ఉంది. బడిలో ప్రభుత్వ టీచరే కావాలనుకుంటే మాత్రం ఐసర్ తర్వాత కూడా బీఈడీ తప్పదు, ఆ రెండేళ్ల ఖర్చును ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి.

ఈ ఏడాది ఎన్‌సీఈటీ, ఐఏటీ రెండింటికీ దరఖాస్తు చేయించండి. ఫలితాలు వచ్చే లోపు పక్కింటి పిల్లలకు వారానికి రెండు రోజులు సైన్సు చెప్పమనండి. పాఠం చెప్పడం తనకు నిజంగా ఇష్టమో కాదో ఆ కొద్ది వారాల్లోనే మీకూ తనకూ తెలిసిపోతుంది.