ముల్లు కూర్పు సరిచేసుకునే పద్ధతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతగారి ఎల్పీ రికార్డుల్లో ప్రతి వైపూ చివరి పాటకు వచ్చేసరికి ‘స’, ‘శ’ అక్షరాలు చిరుగుతున్నట్టు వినిపిస్తున్నాయని రాశావు. యాంప్లిఫయర్ మార్చే ముందు కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే చిన్న డబ్బీ) కూర్పు సరిచూడు. లోపలికి వెళ్లేకొద్దీ చుట్టు చిన్నదై, అంతే శబ్దం తక్కువ నిడివిలో ఇరుక్కుంటుంది కనుక, మొదటి పాటల్లో తెలియని కోణం తేడా అక్కడ బయటపడుతుంది.

ముందు యాంటీ స్కేటింగ్‌ను (ముల్లు రికార్డు లోపలి వైపుకు లాగబడకుండా ఆపే అమరికను) సున్నాలో ఉంచి, వెనుక ఉన్న కౌంటర్‌వెయిట్ దిమ్మెను తిప్పుతూ, కార్ట్రిడ్జ్‌ను మోసే టోన్‌ఆర్మ్ గాలిలో సమంగా నిలిచేలా చేసి, అంకెల చక్రాన్ని సున్నాకు తెచ్చాక, నీ ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు ముల్లు మీద 2 గ్రాముల బరువు పడేలా పెట్టు. దానికి తయారీదారు అనుమతించిన హద్దు 1.8 నుంచి 2.2 గ్రాములు. బరువు తగ్గిస్తే రికార్డు తక్కువ అరుగుతుందన్న మాట నమ్మకు. మరీ తేలికైన ముల్లు గాడిలో కుదురుగా నిలవక గోడలకు కొట్టుకుంటుంది, ఆ గాయం ఇక మానదు.

అసలు శ్రమంతా ప్రొట్రాక్టర్ (ముల్లు కోణం సరిచూసే గీతల పలక) దగ్గరే. ప్రింట్ తీసిన కాగితమైతే సైజు మారలేదని దాని మీది కొలత గీతను స్కేలుతో కొలిచి చూసుకో. బేర్వాల్డ్ అనే కోణం లెక్క పద్ధతిలో రికార్డు కేంద్రం నుంచి సుమారు 66, 121 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు చుక్కల మీదా ముల్లు దిగాలి. రెండు చోట్లా ముల్లును మోసే సన్నని కడ్డీ అక్కడి గీతలకు సమాంతరంగా ఉండాలి. ఒక చుక్క దగ్గర కుదిరింది రెండోచోట తప్పుతుంది, విసుగు పడకుండా కార్ట్రిడ్జ్‌ను వెంట్రుకవాసి జరుపుతూ ఉండు. మరలు బిగించేటప్పుడు ముల్లుకు తొడుగు ఉండాలి. కార్ట్రిడ్జ్ జరిగితే బరువూ మారుతుంది కనుక, చివర్లో దాన్ని మళ్లీ కొలవడం తప్పనిసరి. చాలామంది వదిలేసేది ఇదే.

తర్వాత యాంటీ స్కేటింగ్ కూడా 2 దగ్గర పెట్టి, బాగున్న మోనో రికార్డు ఒకటి విను. కుడి స్పీకర్‌లోనే గరగర ఉంటే కొద్దిగా పెంచు, ఎడమదానిలోనే ఉంటే తగ్గించు. ఆర్మ్ రికార్డుకు సమాంతరంగా ఉంటే దాని ఎత్తు గురించి ప్రస్తుతానికి దిగులు అక్కరలేదు.

పెట్టెలో ఉన్న 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత ప్లేట్లను మాత్రం ఈ ముల్లుతో వేయవద్దు. వాటి గాడి వెడల్పు ఎక్కువ. అదే కార్ట్రిడ్జ్‌కు అమరే ఎస్‌పీ రకం ముల్లు వేరుగా దొరుకుతుంది, అది తెప్పించుకున్నాకే వాటిని తియ్యి.

ఇట్లు,
మీ మామయ్య