బుట్ట చేతులు ఎందుకు వాలిపోతున్నాయి? – మీ ప్రశ్నలు, అప్ప జవాబులు

ఈ నెల ఉత్తరాలు చూస్తే అందరికీ ఒకటే పిచ్చి పట్టినట్టుంది, పాత ఫ్యాషనే కావాలట. దసరా వస్తోంది, అది అయ్యాక మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ, అంత జనంలో కొంచెం వేరేగా కనబడాలని ఉండదా మరి. నేనూ కుట్టు మిషను ముందు కూర్చునే ఇది రాస్తున్నాను, కరెంటు పోయినా పర్లేదు, నాది తొక్కుడు మిషనే.

ప్రశ్న: అప్పా, మాది పాలకొండ. మా అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో తీయించుకున్న ఫోటోలో బుట్ట చేతుల జాకెట్టు ఉంది. అచ్చం అలాంటిదే కుట్టుకుందామని రెండుసార్లు చూశాను. కుచ్చులు బాగానే వస్తున్నాయి గానీ చేతులు నిలబడట్లేదు, తడిసిన అప్పడంలాగ వాలిపోతున్నాయి. ఏటి చెయ్యాలి?

జవాబు: తప్పెక్కడ జరిగిందో చూడకుండానే చెప్పగలనమ్మా, నేనూ అదే చేశాను గనక. మామూలు చేతి కటింగే తీసుకుని వెడల్పు పెంచేసి ఉంటావు. వెడల్పు పెంచితే కుచ్చులొస్తాయి, బుట్ట రాదు. బుట్ట కావాలంటే పైన ఎత్తు కూడా పెరగాలి. మామూలు చేతిని పేపర్ మీద గీసి కత్తిరించు, దాన్ని నిలువుగా నాలుగైదు ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య అంగుళం ఖాళీ వదిలి ఇంకో పేపర్ మీద అంటించు. ఇప్పుడు పైన భుజం దగ్గరికొచ్చే గుండ్రం ఉంది కదా, దాన్ని మధ్యలో ఒక అంగుళంపావు పైకి పెంచి మళ్ళీ గీయి, కింద మధ్యలో ముప్పావు అంగుళం దించు. ఆ పెరిగిన ఎత్తే గాలి పట్టుకునేది.

కుచ్చులకి మిషను మీద పెద్ద కుట్టు పెట్టి, పావు అంగుళం ఎడంగా రెండు లైన్లు వేసి, రెండు దారాలూ కలిపి లాగాలి. ఒక్క లైనుతో లాగితే కుచ్చులన్నీ ఒక పక్కకి పోగుపడతాయి. ఇంకోటి, కుచ్చులన్నీ భుజం జాయింట్‌కి అటు రెండున్నర, ఇటు రెండున్నర అంగుళాల్లోనే ఉండాలి. చంక దాకా పోనిచ్చావంటే చెయ్యెత్తి బస్సులో కడ్డీ పట్టుకోవడం కూడా కష్టమే.

లోపల ఆసరా కూడా కావాలి. మూడంగుళాల వెడల్పు ఆర్గంజా పట్టీ సగానికి మడిచి, కొంచెం కుచ్చు పెట్టి, చేతి జాయింట్ లోపల మార్జిన్‌కి కుట్టెయ్, అది చేతి వైపుకి తిరిగి బుట్టని ఎత్తి పట్టుకుంటుంది. గుచ్చుకుంటే మీద మల్లు గుడ్డ తొడుగు. అయినా ముందు గుడ్డ సంగతి చూడు, క్రేపూ జార్జెట్టూ తెచ్చి బుట్ట నిలబడలేదంటే ఎలాగ, అమ్మమ్మలవి గంజి పెట్టిన వాయిల్ జాకెట్లు కదా. ఇది మనదా దొరలదా అని మా మరిది ఎప్పుడూ వాదన పెట్టుకుంటాడు, 1890ల్లో ఇంగ్లండు ఆడవాళ్ళ జాకెట్టు చేతులు భుజం దగ్గర గుమ్మడికాయల్లా ఉబ్బి ఉండేవి, ఆ గాలే మన జాకెట్లకీ తగిలింది, తప్పేముంది అందులో.

ఇంట్లో పాత జాకెట్టు ఒక్కటి దొరికినా ఫోటో పక్కన పెట్టెయ్, జాకెట్టునే చూడు. నేను మా అమ్మది ఒకటి బ్లేడుతో విప్పాను. పక్క కుట్టు లోపల అంగుళంన్నర మార్జిన్ మడిచి ఉంది, కాన్పయ్యాక ఒళ్ళొస్తే వదులు చేసుకోడానికి. బయటంతా వెలిసిపోయి కంది రంగుకొచ్చేసిన గుడ్డ, ఆ మడత విప్పితే లోపల నిగనిగలాడే వంకాయ రంగు, నిన్న షాపులో చింపించి తెచ్చినట్టు. కాసేపు కుట్టుపని పక్కనపడేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ విప్పిన ముక్కల్ని ఇస్త్రీ చేసి పేపర్ మీద గీసుకున్నదే ఇప్పటికీ నా కటింగ్.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. 1950ల నాటి ఫారిన్ స్టైల్ గుండ్రం స్కర్టు పొందూరు ఖాదీతో కుట్టుకోవాలనుంది. నడుం 28, పొడవు 26. గుడ్డ ఎన్ని మీటర్లు తీసుకోవాలి?

జవాబు: ముందు లెక్క చూద్దాం. నడుం 28ని 6.28తో భాగిస్తే దగ్గర దగ్గర నాలుగున్నర, మధ్యలో కొయ్యాల్సిన గుండ్రానికి నడిమి నుంచి అంచు దాకా కొలత అదీ. దానికి పొడవు 26 కలిపితే మధ్యనుంచి అంచు దాకా 30న్నర. మొత్తం చక్రం ఒక్క ముక్కలో కొయ్యాలంటే 61 అంగుళాల పన్నా, అంటే గుడ్డ వెడల్పు కావాలి, ఖాదీలో అది దొరకదు, అందుకని రెండు అర్ధచంద్రాలు. ఒక్కోదానికి 61 అంగుళాల పొడుగు, రెంటికీ 122, అంటే 3.1 మీటర్లు. పన్నా 36 అయినా సరిపోతుంది. మార్జిన్లూ, ఉతికితే కుంగేదీ కలుపుకుని మూడున్నర మీటర్లు చింపించు, నడుం పట్టీ మిగిలిన మూలల్లో వచ్చేస్తుంది. నడుం గుండ్రం మాత్రం అరంగుళం చిన్నగానే కొయ్యి. చిన్నదైతే పెద్దది చేసుకోవచ్చు, పెద్దదైపోతే ఏడుపే.

ఆ రోజుల్లో అంత గుడ్డ ఎందుకు వాడారంటే అదే దాని గొప్ప. రెండో ప్రపంచ యుద్ధంలో బట్టకి రేషను, బ్రిటన్‌లో అయితే 1941 నుంచి 1949 దాకా కూపన్లు. 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ సన్న నడుం, మీటర్లకి మీటర్లు గేరు ఉన్న స్కర్టులు దింపేసరికి లోకం నోరెళ్ళబెట్టింది, తిట్టినవాళ్ళూ ఉన్నారు.

ఇక ఖాదీ. కొన్న రోజే కత్తెర పట్టుకోకు, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చెయ్యి. నేను తొందరపడి ఓ పండక్కి నానబెట్టకుండానే పరికిణీ కుట్టాను, మడమల దాకా ఉండేది, ఒక్క ఉతుకుకి పిక్కలమీదికొచ్చింది, ఆ రోజు మా ఆడపడుచు నవ్విన నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

నా మాట వింటే సన్న ఖాదీని గుండ్రంగా కొయ్యొద్దు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన గుడ్డ అది, మూలలన్నీ పీలికలుగా పోతుంటే నాకైతే చెయ్యి రాదు. పైగా గుండ్రంలో ఏటవాలు వచ్చినచోట గుడ్డ సాగి కిందికి దిగుతుంది. దానికి కుచ్చు స్కర్టే బావుంటుంది, నడుం కొలతకి రెండున్నర రెట్లు గేరు, కత్తిరింపులన్నీ నిటారే. గుండ్రం స్కర్టు మాత్రం మామూలు పాప్లిన్‌తో కుట్టుకో. నడుం పట్టీ వేశాక ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీసి, దిగాల్సింది దిగాక, నేల నుంచి స్కేలుతో కొలిచి అంచు సమం చేసి అప్పుడు హెమ్మింగ్.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. పాత విదేశీ ఫ్రాకు పేపర్ ప్యాటర్న్ ఒకటి సంపాదించాను. సైజు నంబరు చూసుకునే కోశాను, ఛాతీ దగ్గర పట్టట్లేదు, నడుం అయితే ఊపిరాడదు.

జవాబు: పాత ప్యాటర్న్ల నంబర్లు ఇప్పటి నంబర్లతో కలవవమ్మా. నంబరు వదిలెయ్, కవరు మీద ఛాతీ కొలత ఉంటుంది, అది చూడు. నడుం సంగతంటావా, ఆ ఫోటోల్లో ఆడవాళ్ళు లోపల బిగుతు ఎలాస్టిక్ కట్లు వేసుకుని దాని మీద ఫ్రాకు తొడుక్కునేవారు. రాజాంలో మే నెల్లో అది అయ్యే పనేనా? నడుం దగ్గర రెండంగుళాలు లూజు కలుపు. ముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి వేసుకుని, కూర్చుని, వంగి చూడు, ఆ తర్వాతే మంచి గుడ్డ జోలికి వెళ్ళు.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. అమ్మ పెళ్ళి పట్టుచీరతో లాంగ్ ఫ్రాకు కుట్టబోతే కత్తెర పెట్టకముందే మడతల దగ్గర చిరుగుతోంది.

జవాబు: ఏళ్ళ తరబడి ఒకే మడతలో పెడితే పట్టు అక్కడే చచ్చిపోతుంది, ఏం చేసినా తిరిగి రాదు. చీరని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని బలహీనంగా ఉన్న గీతలన్నీ సుద్దతో గుర్తుపెట్టుకో, ముక్కలన్నీ వాటి మధ్యలోంచే తియ్యి, వెనక మల్లు లైనింగు కలిపి కుట్టు. బరువంతా లైనింగు మొయ్యాలి, పట్టు కాదు. చాలా చోట్ల చిరిగిందనుకో, ఫ్రాకు మానేసి అంచు మాత్రం విప్పి కాటన్ ఫ్రాకు గేరుకి వేసుకో. ఇంతకీ అమ్మని అడిగావా?

ప్రశ్న: మగాళ్ళు కూడా అడగొచ్చా మేడమ్? చీపురుపల్లి. కాలేజీ ఫంక్షన్‌కి బెల్ బాటమ్ కావాలి, ఉన్న జీన్స్‌నే మార్చగలమా?

జవాబు: అడగొచ్చు నాన్నా, కుట్టుకో కూడా. తొడల దగ్గర టైటుగా ఉన్న జీన్స్ తీసుకో, గంట మోకాలి దగ్గరే మొదలవ్వాలి, పైనుంచి లూజైతే అది పైజామా అవుతుంది. మోకాలి కింద కుట్టు విప్పి మూడుమూలల ముక్క వెయ్యాలి. కింద అంచు 15 ఉందనుకో, 22 కావాలంటే 7 అంగుళాలు పెరగాలి, అదంతా ఒక పక్కనే వేస్తే కాలు తిరిగిపోయినట్టు కనబడుతుంది, లోపలి కుట్టులో మూడున్నర, బయటి కుట్టులో మూడున్నర, మార్జిన్ వేరే. సూది 16 నంబరుది పెట్టు, మందం దగ్గర తొక్కకుండా చక్రం చేత్తో తిప్పు. సైకిల్ మీద వెళ్తే మాత్రం కుడికాలికి క్లిప్పు పెట్టుకో, చైన్లో పడిందంటే మళ్ళీ నాకే ఉత్తరం రాస్తావు.